జేబీఎస్ దాటిన కండక్టరు

కరీంనగర్‌లో ఇప్పుడు రాయి విసిరితే కోచింగ్ సెంటరు మీద పడుతుంది, గురి తప్పితే కవి మీద పడుతుంది. నేను మంచిర్యాల నుంచి ఇక్కడి బ్యాంకుకు బదిలీ మీద వచ్చేటప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ప్రశాంతంగా పడుకోవడానికి ఒక గది చాలనుకుని క్రిస్టియన్ కాలనీలో సాల్మన్ కాక ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాను. పక్కింట్లో డిగ్రీ పిల్లలు గిటారు నేర్చుకుంటున్నారు. ఎదురు మేడ మీద ఇంకో గుంపు షార్ట్ ఫిల్మ్ తీస్తోంది. అందులో ఒక కుర్రాడు నేను చేరిన రోజు నుంచి చనిపోతూనే ఉన్నాడు, ఇంకా సరిగ్గా కుదరడం లేదట. వీధి మలుపులో గోడ మీద ఎవరో నెమలిని వేశారు. దాని తోక పక్కవాళ్ల గేటు మీదికి పాకింది. ఆ ఇంటాయన స్కూటరు తియ్యాలంటే నెమలిని రెండు ముక్కలు చెయ్యాల్సిందే.

హైదరాబాదు దగ్గర్లో ఉండబట్టి ఈ ఊరికి ఇంత కళ వచ్చిందని మా మేనేజరు అంటాడు. దగ్గర్లో ఉంది గానీ ఊళ్లో లేదు కదా, అందుకే ఇంత ఆరాటమని నేనంటాను. ఏ పిల్లకు నాలుగు చప్పట్లు పడినా మర్నాడు పొద్దున్నే హైదరాబాదు బస్సు వైపు చూస్తుంది.

ఆ బస్సులను ఏళ్ల తరబడి నడిపించినవాడు మా సాల్మన్ కాక. డ్రైవరు కాదు, కండక్టరు. కండక్టరు ‘రైట్’ అననిదే బస్సు కదలదు కాబట్టి నడిపించింది తనేనని ఆయన వాదన. పుట్టింది చెన్నూరు దగ్గర. మిషన్ హాస్టల్లో చదువుకుని, ఆర్టీసీలో చేరి, సర్వీసంతా కరీంనగర్–హైదరాబాదు రూటు మీదే చేశాడు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో, అంటే అందరూ జేబీఎస్ అనే చోట, జనాన్ని దింపడం, ఒక చాయ్ తాగడం, మళ్లీ ‘కరీంనగర్ కరీంనగర్’ అని పిలుస్తూ వెనక్కి తిరగడం. హైదరాబాదులో ఆయనకు బాగా తెలిసింది ఆ చాయ్ ఒక్కటే. చార్మినార్ చూసింది కూడా పెళ్లయిన కొత్తలో, అదీ భార్య పోరు పడలేక.

రిటైరయ్యాక కూడా ఆయన పొద్దున్నే స్నానం చేసి బస్టాండుకు పోతాడు. ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి, ఎవరూ అడగకుండానే, ‘సిద్దిపేట, గజ్వేల్, జేబీఎస్’ అని ఒక్క కేక పెడతాడు. అసలు కండక్టర్లు నవ్వి ఊరుకుంటారు. బస్సు మాత్రం తొందరగా నిండుతుంది.

ఒక సాయంత్రం మేడ మెట్ల మీద కూర్చుని ఆయన నాతో మనసులో మాట చెప్పాడు.

“ఎంతమందినో హైదరాబాద్‌ల దించిన అరుణ్. పాటగాళ్లను దించిన, లీడర్లను దించిన. గేటు కాడ దించి మళ్ల ఎన్కకు తిరిగిన. సచ్చేలోపల ఒక్కపారి నా కోసం గా గేటు దాటాలె. స్టేజీ ఎక్కాలె. నన్ను సూసెటందుకు పట్నపోళ్లు కూసోవాలె.”

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో అంత చిన్నపిల్లవాడి కోరికను అంత బాహాటంగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆయనకు నటన కొత్త కాదు. చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు వేషం ఆయనదే, ఇంకొకరు అడిగే పని లేదు. ఆ గొంతుకు చిన్నపిల్లలు అమ్మల కొంగుల్లో దూరతారు. ఒక ఏడాది యేసుబాలుడిగా పడుకోబెట్టిన నిజం పసిగుడ్డు గుక్కపట్టి ఏడిస్తే నాటకం ఆపి మరీ ఊరుకోబెట్టారట. అప్పటి నుంచి పశువుల తొట్టిలో బొమ్మనే పెడుతున్నారు.

ఆయన భార్య క్యాథరిన్ చిన్నమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రోగుల దగ్గర మెల్లగా మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు అలాగే నిలిచిపోయింది. పక్క గదిలో ఉంటే వినపడదు. ఆయనేమో గ్లాసుడు మంచినీళ్లు అడిగినా సిద్దిపేట ప్యాసింజర్లను పిలిచినట్టే ఉంటుంది. హేరోదు నాటకం మొదలయ్యే వేళకు ఆమె చర్చి వెనక్కి వెళ్లి అందరికీ చాయ్ కలుపుతుంది. “బస్సుల అరిసినవ్, గుడిల అరిసినవ్, ఇంట్లనన్న జర సల్లగుండు” అంటుంది. ఆ మాటకు కాక కొంచెం సేపు తగ్గుతాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, మళ్లీ అరగంటకే యథాప్రకారం.

ఇక తిరుమల సంగతి. చొప్పదండి అవతల గర్శకుర్తిలో మరమగ్గాలు నడిపే ఇంటి పిల్ల, ఇక్కడ డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. కాలేజీ పిల్లలను పోగేసి ఒక నాటక బృందం పెట్టింది. మగ్గం మీద బతికిన తన తాత సాంబయ్య గురించి ఒక నాటకం రాసింది. తాత వేషానికి మనిషి దొరక్క తిరుగుతూ, ఒకనాడు ఊరికి పోదామని బస్టాండులో నిలబడితే ఆమెకు మా కాక కేక వినపడింది. తన బస్సు వదిలేసి కాక వెంట ఇంటి దాకా వచ్చింది.

“తాతా, నువ్వు హైదరాబాద్ బస్సును పిలుస్తుంటే మా తాత నన్ను బువ్వకు పిలిసినట్టే ఉన్నది” అంది.

సాంచాలని వాళ్లు పిలిచే ఆ మరమగ్గాల రొదలో బతికినవాళ్లు మెల్లగా మాట్లాడలేరట. సాంబయ్య మాట్లాడితే వీధి వీధంతా వినేదట. అందుకని నాటకంలో తాత మొదటి నుంచీ అరుస్తూనే ఉంటాడు. ఊళ్లోని కళాభారతి హాల్లో పోటీ, అక్కడ నెగ్గితే హైదరాబాదులో ప్రదర్శన అని ఆమె చెబుతోంది. హైదరాబాదు అన్న మాట దగ్గరే కాక ఒప్పేసుకున్నాడు, తరవాతి మాటలు ఆయన చెవికెక్కలేదు. పళ్లెంలో మురుకులు తెచ్చిన చిన్నమ్మ మాత్రం, అరవడానికి ఇంకో జాగా దొరికిందన్న మాట అని లోపలికి పోయింది.

రిహార్సళ్లు మా మేడ మీదే, సరిగ్గా నా గది తలుపు ముందు. రెండో రోజు కొట్లాడదామని బయటికి వచ్చాను. తిరుమల నా చేతిలో కాగితాలు పెట్టి, అన్నా, ఎవరైనా మాట మర్చిపోతే వెనక నుంచి అందించండి అని చెప్పి పోయింది. అలా నేను ఆ నాటకంలో ప్రాంప్టర్నయ్యాను. కళ మీద నాకున్న కోపం ఆ దెబ్బకు ఎటు పోయిందో తెలియదు.

నాటకమంతా కాక అదరగొట్టాడు. చిక్కంతా ఆఖరి సీనులో వచ్చింది. మనవరాలు చదువుకోవడానికి పట్నం పోతుంటుంది. తాత సాంచాలు ఆపేస్తాడు. ఆమె తల మీద చెయ్యి పెడతాడు. ఒక్క మాట మాట్లాడడు. అంతే, తెర. ఆ మాట్లాడకపోవడమే మా కాకకు చేతకాలేదు. మొదటిసారి చెయ్యి పెట్టి, జాగ్రత్త చెబుతున్నట్టు, పైలం బిడ్డా అన్నాడు. వద్దు తాతా అంటే సరేనని, మర్నాటి రిహార్సల్లో, చేరినాక ఫోన్ చెయ్యమన్నాడు. ఆ తరవాత ఏకంగా, కిటికీ పక్క సీటు కోసం డిపోకు చెప్పి పెడతానని మాటిచ్చాడు. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. తిరుమల నవ్వలేదు, పిట్టగోడ మీద తల పట్టుకుని కూర్చుంది.

“మా తాత నిజంగనే మాట్లాడలే,” అంది. “నేను కాలేజీకి వచ్చే దినం సాంచాలు బందువెట్టిండు. తల మీద చెయ్యి వెట్టిండు. గంతే. బతుకంతా అరిసిన మనిషి గా ఒక్కపారి సప్పుడు చెయ్యలే. పోయినేడు సచ్చిపోయిండు. నాకు ఇప్పటికీ గా సప్పుడు చెయ్యనిదే వినవడ్తది.”

కాక మెట్లు దిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ రోజు మరి రిహార్సల్ జరగలేదు. మూడు నాలుగు రోజులు ఆయన ఇంట్లో గుసగుసగా మాట్లాడడం చూసి, జ్వరమేమోనని చిన్నమ్మ నుదురు పట్టుకుని చూసింది. తరవాత ఒక ఉదయం పైకి వచ్చి, ఉపాయం దొరికిందని నా చెవిలో చెప్పాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టగానే కళ్లు మూసుకుని, చర్చిలో అందరికీ కంఠస్థమైన పరలోక ప్రార్థన లోలోపల చదువుకుంటాడట. అది అయ్యేదాకా నోటికి పని ఉండదు, అయిపోగానే చెయ్యి తీసేస్తాడు. ప్రయత్నించి చూశాం. అద్భుతంగా ఉంది. సాంబయ్య వేషం లోపల సాల్మన్ ప్రార్థన నడుస్తోందని మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. దేవుడికి తెలిసే ఉంటుంది, ఆయన అభ్యంతరం చెప్పినట్టు లేదు.

పోటీకి ముందు ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు గారు ప్రకటనల్లో ఈ కబురు కూడా చెప్పారు. దాంతో కళాభారతిలో ముందు వరసలన్నీ మా కాలనీ చర్చి సంఘమే. మధ్యలో సంఘపెద్ద ఆశీర్వాదం గారు తెల్ల చొక్కాలో కూర్చున్నారు. చిన్నమ్మ రాలేదు, ఆ రోజు ఎవరింట్లోనో బాలింతను చూడాలని చెప్పింది. కాక మాత్రం తెర సందులోంచి ముందు వరసను చాలాసేపు వెతికాడు.

నాటకం సాగింది. సాంబయ్య కేకలకు హాలు కదిలింది. ఆఖరి సీను వచ్చింది. సాంచాల శబ్దం ఆగింది. కాక తిరుమల తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

నేను తెర పక్క నుంచి చూస్తున్నాను. ముందు వరసల్లో తలలన్నీ వంగిపోయాయి. చేతులు ముడుచుకున్నారు, కళ్లు మూసుకున్నారు, ఆడవాళ్లు కొంగులు తలల మీదికి లాక్కున్నారు. వాళ్ల తప్పేముంది. సంఘంలో పెద్దమనిషి ఒక బిడ్డ తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటే వాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే. పైగా అలాంటప్పుడు వాళ్లు చదువుకునేదీ పరలోక ప్రార్థనే, అది ఎంతసేపు పడుతుందో వాళ్లందరికీ ఊపిరిలో ఉంది. కాక చెయ్యి తీసీ తియ్యకముందే హాలు దద్దరిల్లేలా ఒక్క గొంతుతో అన్నారు, “ఆమెన్.”

తెర పడింది. లోపల పిల్లలు రాళ్లయిపోయారు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు.  నీ తాతను పాడు చేసిన బిడ్డా అని కాక తిరుమల చేతులు పట్టుకున్నాడు. ఆమె ఏడవాలో నవ్వాలో తెలియక కాకనే చూస్తూ నిలబడింది.

హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. చివర్లో ప్రేక్షకుల నుంచి గొంతు రావడం ఎవరి ఆలోచన అని అడిగింది. తిరుమల నోరు తెరిచేలోపే కాక ముందుకు వచ్చాడు.

“అది ఆలోచన కాదమ్మా, అలవాటు,” అన్నాడు. “మా సంఘపోళ్లు. నేను కండ్లు మూసుకుంటే ప్రార్థన అనుకున్నరు. తప్పు నాది, పిల్లలది కాదు.”

ఆవిడ ముందు ఆయనను ఎగాదిగా చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. హాల్లో మనుషులు నిజంగా తల వంచిన నాటకం చూసి తనకు చాలా ఏళ్లయిందని చెప్పింది. గంట తరవాత పేరు చదివారు. హైదరాబాదుకు పోయేది మా నాటకమే. పోతూ పోతూ ఆవిడ, ఆ అలవాటును కూడా వెంట తీసుకురండి అంది.

అక్కడ మొదలైంది అసలు తంటా. అలవాటును వెంట తీసుకుపోవడం ఎట్లా. సంఘమంతా హైదరాబాదు రావడానికి సిద్ధమైంది. ఆరాధన తరవాత చర్చిలోనే రిహార్సల్ పెట్టారు. కాక కళ్లు మూసుకుంటాడు, వీళ్లు అంటారు. ఒకాయన ముందే అనేశాడు. ఇంకొకామె రాగం తీసింది. ఆశీర్వాదం గారు అందరూ అన్నాక, అందరికంటే గట్టిగా ఒక్కరే అన్నారు. యువకులు కొందరు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని అన్నారు. తిరుమల ఎంత చెప్పినా అది బడిపిల్లలు ‘ప్రెజెంట్ సార్’ అన్నట్టే వచ్చింది. కాక పరేషానైపోయాడు. ఇంత దాకా వచ్చి హైదరాబాదు స్టేజీ మీద నలుగురూ నవ్వితే ఆ పిల్ల ముఖం ఎట్లా చూడాలని ఆయన దిగులు. అన్నం సరిగ్గా తినలేదు.

చర్చి గుమ్మంలో చీపురు పట్టుకుని ఇదంతా చూస్తున్న చిన్నమ్మ ఒకే మాట అంది. “తెలిసి తెలిసి అనేది ఆమెన్ అయితదా.” అని ఊడ్చుకుంటూ పోయింది.

హైదరాబాదుకు ఆర్టీసీ బస్సే మాట్లాడుకున్నాం. ఎవరూ అనుకోకుండా చిన్నమ్మ కూడా కొత్త చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. నాటకానికి కాదని, లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కోవడానికని ఎక్కుతూనే అందరికీ చెప్పింది. ఆ మెల్లటి గొంతుతో చెప్పింది కాబట్టి డ్రైవరు దాకా వినపడలేదు గానీ, మిగతా అందరికీ కాక వినిపించాడు.

ఆయనకు ముందు సీటు ఉంచాం. కూర్చుంటే కదా. మానేరు డ్యాం దాటకముందే లేచి నిలబడ్డాడు. తలలు లెక్క చూసుకున్నాడు, నడి తోవలో ఉన్న సంచులు పక్కకు జరిపించాడు. సిద్దిపేటలో చాయ్‌కి ఆగి కదిలేటప్పుడు అసలు కండక్టరు ఊరుకుంటే తనే ‘రైట్ రైట్’ అన్నాడు. బస్సంతా చప్పట్లు. గిటారు పిల్లలు కూడా వచ్చారు. నెలల తరబడి నా నిద్ర చెడగొట్టి ఆ రోజుకు వాళ్లకు ఒక పాట వచ్చింది. ఒప్పుకోవద్దనుకున్నాను గానీ బాగానే వాయించారు.

జేబీఎస్ దగ్గరకు వచ్చేసరికి కాక మాట ఆగింది. మా బస్సు లోపలికి తిరగలేదు, గేటు ముందు నుంచి నేరుగా పోయింది. ఆయన సీటు కడ్డీ పట్టుకుని, ఆ గేటు వెనక్కి పోయేదాకా తల తిప్పి చూశాడు. “దాటినం అరుణ్” అన్నాడు, అంతే. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవాల్సిన పనేమీ లేదు.

లక్డీకాపూల్ దగ్గర పెద్ద హాలు. పట్నపు జనం, ఏసీ చల్లదనం, మెత్తటి కుర్చీలు. మా సంఘం మూడో వరసలో ఒకరినొకరు ఆనుకుని బడిపిల్లల్లా కూర్చుంది. ఆశీర్వాదం గారు అప్పటికే రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. చిన్నమ్మ చివరి కుర్చీలో టిఫిన్ డబ్బా ఒడిలో పెట్టుకుంది. గాజుల బజారుకు దారి ఎవరినీ అడగలేదు.

ఆ రోజు కాక కాక కాదు. సాంచాల రొదలో బతికి, చెవులు పోయి, ప్రేమను కూడా కేకలుగానే పెట్టడం తెలిసిన ముసలాయన. ఆయన అరుస్తుంటే జనం నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ మెల్లగా నవ్వడం మానేశారు. సాంచాలు ఆగాయి. తిరుమల బ్యాగు పట్టుకుని వచ్చి ముందు నిలబడింది. ఆయన తల మీద చెయ్యి పెట్టాడు, కళ్లు మూసుకున్నాడు.

నేను మూడో వరసను చూశాను. నాకు కనిపించినంతలో ఒక్కరూ తల వంచలేదు. ఒక్కరూ కళ్లు మూసుకోలేదు. రిహార్సళ్లన్నీ మర్చిపోయి, నోళ్లు తెరుచుకుని స్టేజీనే చూస్తున్నారు. ఆశీర్వాదం గారు అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. కాక చెయ్యి తీశాడు.  ఎవరూ అనలేదు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తిరుమల భుజాలు బిగుసుకోవడం నాకు కనిపించింది.

అప్పుడు మూడో వరస చివర నుంచి ఒక్క గొంతు వచ్చింది. పక్క గదిలో ఉంటే వినపడని గొంతు.

“ఆమెన్.”

క్యాథరిన్ చిన్నమ్మ తల వంచుకునే ఉంది. కొంగు తల మీద ఉంది, కళ్లు మూసుకునే ఉన్నాయి. కింద కూర్చున్నవాళ్లలో నిజంగా ప్రార్థన చేసింది ఆమె ఒక్కతే. ఆ తరవాత సంఘమంతా అంది, ఎవరూ చెప్పకుండానే, ఒక్క గొంతుతో. తెర పడ్డాక చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను చూసుకోలేదు, నేనూ కొడుతున్నాను. తిరుమల కాక చేతిని వదల్లేదు. అచ్చం గిట్లనే ఉండె తాతా, అచ్చం గిట్లనే ఉండె అని అదే మాట అంటూ ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా కాక తిరగేసి, ముందు రచ్చ గెలిచాడు.

తిరుగు ప్రయాణంలో గాజుల మాట ఎవరో ఎత్తారు. మళ్లీ వచ్చినప్పుడు చూద్దామని చిన్నమ్మ అంది. కాక ఈసారి ఆమె పక్కనే కూర్చున్నాడు. వెనక సీట్లో నేనున్నాను. శామీర్‌పేట దాటాక ఆయన ఉండబట్టలేక అడిగాడు.

“అందరు మరిసిపోయిండ్రు. నువ్వొక్కదానివే ఎట్లన్నవే?”

“నేను ప్రార్థన చేసుకుంటున్న. అయిపోయింది, అన్న.”

“ఏమని చేసుకున్నవ్?”

చిన్నమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నా మొగడు ఎవ్వలు ఎర్కలేని ఊర్లె మంచిగ చేస్తుండు. గీ ఒక్కపారి నోరు తెరవకుండ సూడు ప్రభువా అని.”

బస్సంతా ఘొల్లుమంది. కాక కూడా నవ్వాడు. నవ్వి, ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. సిద్దిపేట వచ్చింది, పోయింది. మానేరు డ్యాం మీద దీపాలు కనిపించాయి. కరీంనగర్ బస్టాండులో బస్సు ఆగేదాకా మా సాల్మన్ కాక ఒక్క మాట మాట్లాడలేదు.